బస్సెక్కని కవరు

అమరచింత బస్టాండులో గాజుల డబ్బా తాజ్‌బీ గురించి ఎవరినడిగినా ఒకటే మాట చెబుతారు: ఆమె చేత గాజులు తొడిగించుకుని ‘అబ్బా’ అన్న ఆడపిల్ల లేదు. అంత మెత్తటి చెయ్యి. ఎంత బిగుతు గాజైనా రెండు కబుర్లు చెప్పి, ఇంత నవ్వించి ఎక్కించేస్తుంది. ఆ చెయ్యే మొన్నటి శ్రావణంలో ఒకడి మెడలు వంచింది. వాడి నోటితోనే వాడి ఇంటి పరువు తీయించింది. అయ్యో పాపం అని తొందరపడకండి. సంగతంతా విన్నాక మీ ఇష్టం.

తాజ్‌బీ పెనిమిటి గులాం రసూల్ విలేకరి. జిల్లా పత్రికకు ముప్పై ఏళ్లుగా అమరచింత నుంచి వార్తలు రాసే మనిషి. చేతిలో ఫోన్లు లేని రోజుల్లో వార్త అంటే ఒక కవరు. తెల్లకాగితం మీద చేత్తో రాసి, కవరులో పెట్టి అతికించి, పైన ఎర్రసిరాతో ‘న్యూస్ కవర్ – అర్జంట్’ అని రాసి, సాయంత్రం జిల్లా కేంద్రం పాలమూరు పోయే బస్సు డ్రైవరుకు ఇవ్వాలి. డ్రైవరు దాన్ని అద్దం ముందర పెట్టుకుని పోతాడు. పాలమూరు బస్టాండులో పత్రికవాళ్ల మనిషి కాచుకుని ఉంటాడు. తెల్లారితే అచ్చు.

ఊళ్లో అప్పుడు విలేకరులు నలుగురు. నలుగురి కవర్లూ తాజ్‌బీ డబ్బాలోకే చేరేవి. బస్సు రాగానే డ్రైవరు సాయన్నకు అందించే పని ఆమెది. అడిగి పెట్టిన పని కాదు, డబ్బా అక్కడుంది కాబట్టి ఆమె నెత్తిన పడింది. అయినా ఎంత నిష్ఠగా చేసిందనుకున్నారు! ఒకరి కవరు సంగతి ఇంకొకరితో అనేది కాదు. ఒక్క కవరైనా విప్పి చూసేది కాదు. బడి మొహం చూడని మనిషి, ఆ కవర్ల మీది అక్షరాలు చూసి చూసి తెలుగు చదవడం నేర్చుకుంది. ఆమె మొట్టమొదట కూడబలుక్కుని చదివిన మాట ‘అర్జంట్’.

“ఈ దిక్కు వార్తలన్ని నా గాజుల నడుమ కెల్లే పోతయ్ సాయన్నా. నేను ఆపితే పాలమూరోళ్లకు తెల్లారదు” అని కొంగు సర్దుకుంటూ గొప్పలు పోయేది.

తర్వాత ఫ్యాక్సు వచ్చింది, కంప్యూటరు వచ్చింది, చివరికి అందరి చేతుల్లోకీ ఫోను వచ్చింది. కవర్లు ఆగిపోయాయి. రసూల్ యాభై దాటాక ఫోనులో టైపు చేయడం నేర్చుకున్నాడు. ఒక్క వేలితో, దీర్ఘం ఎక్కడుందో వెతుక్కుంటూ, కళ్లద్దాలు పైకీ కిందికీ జరుపుకుంటూ. ఆయన ఒక వార్త పంపేలోపు ఆ ఊరి పెంటయ్య కొడుకు ప్రశాంత్ మూడు వీడియోలు వదిలేవాడు.

ప్రశాంత్‌కు ఇరవై ఎనిమిదేళ్లు. ‘మన చింత న్యూస్’ అని సొంత ఛానలు. ఆఫీసు లేదు, అచ్చు లేదు, పైన అడిగేవాడు లేడు. మూడు కాళ్ల స్టాండు, చొక్కాకు తగిలించుకునే చిన్న మైకు, ఫోను, అంతే. ఉన్నమాట చెప్పాలి, వాడు మంచి పనులూ చేశాడు. మోరీ పొంగి జనం ముక్కులు మూసుకుంటుంటే వీడియో పెట్టాడు. మర్నాడే మనుషులు వచ్చి తీశారు. అదే మోరీ మీద రసూల్ ఆరుసార్లు రాస్తే ఒక్కడూ రాలేదు. ఆ రోజు రసూలే వాడి భుజం తట్టి, “నా ఆరు వార్తలు నీ ఒక్క వీడియోకు సలాం కొట్టాలెరా” అన్నాడు. అంత పెద్ద మనసు ఆయనది. దానికి వాడు ఇచ్చిన బహుమానం చూడండి.

పోయిన రంజాను నెల. ఎండ మండిపోతోంది. రసూల్‌కు షుగరు ఉంది. ఉపవాసం వద్దని డాక్టరు చెప్పాడు, తాజ్‌బీ బతిమాలింది. వినలేదు. తెల్లవారుజామున మాత్ర వేసుకుని రోజా పట్టి, మండలాఫీసుకు పోయి వస్తూ బస్టాండులో తూలాడు. మాట ముద్దగా వచ్చింది. మోరీ గట్టు మీద కూలబడ్డాడు. టోపీ కింద పడిపోయింది, లుంగీ తడిసిపోయింది. తాజ్‌బీ డబ్బాలోంచి చూసి పరుగెత్తేలోపే ప్రశాంత్ ఫోను తీశాడు. నీళ్లు తేలేదు. చెయ్యి అందించలేదు. ఏమైందని ఒక్క మాట అడగలేదు. కింద నుంచి పైకి, పైనుంచి కిందికి తీసి, పసుపుపచ్చ అక్షరాలతో హెడ్డింగు పెట్టి వదిలాడు: ‘రంజాన్‌లో రంగులు.. ఫుల్లుగా తాగి మోరీలో సీనియర్ విలేకరి’.

పుట్టి బుద్ధెరిగి ఒక్క చుక్క ముట్టని మనిషి! అదీ నోట్లో ఉమ్మి కూడా మింగని పూట! తాజ్‌బీ చక్కెర తెచ్చి ఆయన నోట్లో పోస్తే రోజా విరిగిందని ఏడ్చాడాయన. ఆర్‌ఎంపీ ప్రభుదాసు వచ్చి వేలికి సూది గుచ్చి చూసి, “షుగరు నలభై రెండే ఉంది అమ్మా. ఇంకో అర్ధగంటైతే మనిషి దక్కకపోవు” అన్నాడు. అప్పటికే వీడియోను నాలుగు వేల మంది చూశారు. మూడోనాటికి నలభై ఒక్క వేలు. అమరచింతలో ఉన్నదెందరు, చూసినదెందరు! ఇంటిల్లిపాదీ రెండేసిసార్లు చూశారేమో.

తాజ్‌బీ వాడి దగ్గరికి పోయింది. వాడు మర్యాదగానే మాట్లాడాడు, కుర్చీ కూడా వేశాడు.

“తెల్వక అయింది పెద్దమ్మా. తీసేసిన గద, సూడు.”

“నీ ఫోన్ల తీసినవు. మంది ఫోన్లళ్ల ఉంది. పత్రికల తప్పు వడితే తెల్లారి అదే పేజీల సవరణ వేస్తుండిరి. నువ్వు గూడ గదే మైకు పెట్టుకొని, గదే గొంతుతోని చెప్పు. తప్పు జెప్పిన, ఆయనకు షుగర్ పడిపోయిందని చెప్పు.”

“సవరణలు ఎవలు సూస్తరు పెద్దమ్మా? ఛానల్ పేరు ఖరాబైతది. రెండు దినాలైతే అందరు మర్సిపోతరు, పరేషాన్ గాకు.”

రెండు దినాలు కాదు, రెండు పండుగలు పోయాయి. రంజాను నమాజుకు రసూల్ ఈద్గాకు పోలేదు. బక్రీదుకూ పోలేదు. గడ్డం గీసుకోవడం మానేశాడు. వీడియో వచ్చిన వారానికే మసీదు పెద్దలు ఇంటికి వచ్చి, “మేము నమ్మలే రసూల్ మియా” అన్నారు. ఆయనకు ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది. నమ్మాలా వద్దా అని తన గురించి నలుగురు కూర్చుని ఆలోచించారు కదా! ఆ రోజు నుంచి గోడవైపు తిరిగి పడుకున్న మనిషి గడప దాటలేదు. మరుగుదొడ్డి, మంచం, అంతే. పత్రికవాళ్లు రెండుసార్లు ఫోను చేసి, మూడోసారి వేరే మనిషిని పెట్టుకున్నారు.

తాజ్‌బీకి ఒకటే పట్టుదల. ఈ మనిషి తలెత్తుకుని గడప దాటాలి. ఎట్లా దాటించాలో మాత్రం తోచలేదు. అది తోచేట్టు చేసింది ఎవరో కాదు, ప్రశాంత్ కన్నతల్లి వసంత.

శ్రావణ మాసం గదా, గాజులకు గిరాకీ. వసంత వదినను వెంటబెట్టుకుని వచ్చింది. పచ్చ గాజులు ఏరుకుంది. చెయ్యి చాచి కూర్చుని, పక్కనున్న వదినకు కన్నుగీటి, “రసూలన్న ఇంక మానలేదా అక్కా? నేను స్టేటస్ల పెట్టిన వీడియో సూసి మా అన్నదమ్ములు గూడ అడిగిండ్రు, పెద్దమనిషికి గిదేం అలవాటని” అంది.

స్టేటస్‌లో పెట్టిందట! తాజ్‌బీ పన్నెండు గాజులూ ఒక్కొక్కటే, నొప్పి తగలకుండా ఎక్కించింది. డబ్బా మూసింది. ఇంటికి పోయి, మంచం కింది ట్రంకుపెట్టె లాగి, నిఖా నాటి చీర మడతలోంచి ఒక కవరు తీసింది. అంచులు పసుపెక్కినా ఎర్రసిరా ఇంకా తెలుస్తూనే ఉంది. న్యూస్ కవర్. అర్జంట్.

ఆ కవరు కథ ఇదీ. ఇరవై ఏళ్ల కిందట ప్రశాంత్ తండ్రి పెంటయ్య రేషను డీలరు. ఒకనాడు వసంత ఆయాసపడుతూ డబ్బాకు వచ్చి తాజ్‌బీ కాళ్ల మీద పడింది. “రసూలన్న మా ఆయన మీద రాసిండంట అక్కా. బియ్యం బస్తాల ముచ్చట. పత్రికల వడ్డదంటే మా ఆయన బాయిల దుంకుతడు. నా పిల్లగాడు ఆగమైతడు” అని కొంగు చాచి ఏడ్చింది. సాయన్న బస్సు వచ్చింది. మిగతా మూడు కవర్లూ ఎక్కాయి. రసూల్ కవరు తాజ్‌బీ గాజుల పెట్టె అడుగున ఉండిపోయింది. అన్నేళ్లలో ఆమె ఆపిన కవరు అదొక్కటే. మొగుడికి చెప్పలేదు. చెప్పే ధైర్యం చాలలేదు.

తెల్లారి వార్త రాలేదు. రసూల్ అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. పాలమూరు ఆఫీసులో వార్తలు దిద్దే మద్దిలేటి డీలరు దగ్గర లంచం తిని తన వార్తను తొక్కేశాడని తీర్మానించుకున్నాడు. ఎస్టీడీ బూతు నుంచి ఫోను చేసి నానా మాటలూ అన్నాడు. కవరే రాలేదని మద్దిలేటి మొత్తుకున్నా వినలేదు. ఆ గొడవతో పత్రికవాళ్లు తనకు వనపర్తిలో ఇస్తామన్న నెలజీతం ఉద్యోగం పోయింది. రసూల్ జీవితమంతా కంట్రిబ్యూటరుగానే మిగిలాడు. తాజ్‌బీ ఇరవై ఏళ్లు ఆ పాపాన్ని గుండెలో మోసింది, వసంత కోసం. ఆ వసంత ఇప్పుడు స్టేటస్ పెట్టింది!

మరునాడు ప్రశాంత్‌ను డబ్బాకు పిలిపించింది. కవరు ముందర పెట్టింది. వేళ్లు మాత్రం దాని మీంచి తీయలేదు.

“ఏందిది పెద్దమ్మా?”

“మీ నాయిన ముచ్చట. అతికించింది అతికించినట్టే ఉంది. దీన్ల ఏముందో మీ అమ్మకు ఎరుక. ఫోన్ జేసి అడుగు.”

వాడు నవ్వుతూనే ఫోను చేశాడు. అవతల వసంత ఏం చెప్పిందో గానీ వాడి మొహం మాడిపోయింది. ఆ మాడిన మొహాన్ని తాజ్‌బీ కళ్లారా చూసింది. ఐదు నెలల్లో అంత హాయి ఆమెకు ఎన్నడూ కలగలేదు.

“ఇరవై ఏండ్ల కిందిది. గిప్పుడెవలు నమ్ముతరు? ఏఐ తోని చేసిండ్రు అంట” అన్నాడు గొంతు పెంచి.

“అను. నేను ఆత్మకూరు పోయి ఉమారాణికిస్త. ఆమె ఛానలుకు నీ ఛానలుకు పడదు గద. ఆమెకు సాక్ష్యం అక్కరలేదు, నీ లెక్కనే హెడ్డింగ్ ఉంటె చాలు. హెడ్డింగ్ గూడ నేనే చెప్త: ‘దవాఖానల పండ్లు పంచే పెద్దమనిషి, పేదోళ్ల బియ్యం బుక్కిండు’. ఎట్లుంది?”

పెంటయ్య ఇప్పుడు ఊరికి పెద్దమనిషి. పండుగ పండుగకీ దవాఖానలో పండ్లు పంచుతాడు, కొడుకు వీడియో తీస్తాడు. ప్రశాంత్ ఫోను జేబులో పెట్టుకుని, “ఏం జెయ్యమంటవు?” అన్నాడు.

“మా ఇంటి ముందరికి రా. లైవ్ పెట్టు. చేసింది చెప్పు. సవరణకు మంది రారన్నవు గద, వచ్చేటట్ల హెడ్డింగ్ నేను చెప్త, రాసుకో: ‘ప్రశాంత్ కొంప ముంచిన వీడియో.. రసూల్ సాబ్ గడప కాడ ఏం జరిగింది?’ నలభై ఒక్క వేల మంది సూసెదాంక తియ్యొద్దు. సూసినంక కవరు నీకిస్త.”

“అంతమంది ఎన్నడు సూడాలె పెద్దమ్మా? నేను నమ్మి పెడితే నువ్వు ఇయ్యకపోతే?”

తాజ్‌బీ జర ఆలోచించి, “సరే. లైవ్ అయిపోంగనే ఇస్త. మొగోని లెక్క మాట మీద ఉండు” అంది.

ఆ శుక్రవారం సాయంత్రం సన్నగా తుంపర పడుతోంది. ప్రశాంత్ రసూల్ ఇంటి ముందర స్టాండు పాతి, చొక్కాకు మైకు తగిలించుకుని లైవు పెట్టాడు. వాడకట్టంతా గుమిగూడింది. లోపల రసూల్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. ప్రశాంత్ అంతా చెప్పాడు. షుగరు పడిపోయిందని, రోజాలో ఉన్నాడని, అడగకుండా తీశానని, తప్పేనని. గొంతు కూడా వణికింది. అది పశ్చాత్తాపమో భయమో వాడికే తెలియాలి. గడపకు చెయ్యి తాకించి కళ్లకు అద్దుకున్నాడు. జనం ఉస్సురన్నారు, కొందరు కళ్లు ఒత్తుకున్నారు. లోపల మంచం మాత్రం కదలలేదు.

లైవు ఆపాలంటే ఫోనులో రెండుసార్లు నొక్కాలి. ఒకసారి నొక్కితే ‘ఆపాలా?’ అని అడుగుతుంది, మళ్లీ నొక్కితేనే ఆగుతుంది. తుంపరకు తడిసిన వేలితో వాడు ఒక్కసారే నొక్కి ఇటు తిరిగాడు. జనం చెదిరిపోయారు. తాజ్‌బీకి మాత్రం ఫోను పైమూలన ఎర్రగుర్తు ఇంకా వెలుగుతూ కనిపించింది. ఎరుపు అంటే అర్జంట్ అని ఆమెకు ఎప్పటినుంచో తెలుసు. చెప్పొచ్చు. ‘బిడ్డా, అది ఆగలేదు’ అంటే సరిపోయేది. వసంత చాచిన కొంగు గుర్తొచ్చింది. ఆ వెంటనే వసంత గీటిన కన్ను గుర్తొచ్చింది. నోరు మూసుకుని కవరు చేతికిచ్చింది.

“మీదో కాదో సూసుకో. జర గట్టిగ సదువు, ఇరవై ఏండ్లు ఏం దాచిన్నో నాకు గూడ తెల్వాలె గద.”

వాడు కవరు చింపాడు. చొక్కాకు మైకు ఉన్న సంగతే మరిచాడు. గొంతు తగ్గించి చదివాడు: “అమరచింత, న్యూస్: పేదల కంచంలో పడాల్సిన బియ్యం మిల్లుకు తరలుతోంది. స్థానిక చౌకధరల దుకాణం డీలరు పెంటయ్య ఎనిమిది బస్తాల బియ్యాన్ని పట్టపగలు…” అక్కడ వాడి నోరు ఆగిపోయింది.

“పట్టపగలు ఎడ్లబండి మీద తరలిస్తుండగా గ్రామస్థులు పట్టుకున్నారు. అడగాల్సిన అధికారులు అడ్రసు లేరు.”

మిగతాది లోపలి నుంచి వినిపించింది. మంచం కిర్రుమంది. గడ్డం మాసి, బనీను మీద, గోడ పట్టుకుంటూ గులాం రసూల్ వచ్చాడు. ఐదు నెలలుగా దాటని గడప దాటాడు. ప్రశాంత్ వంక చూడనైనా చూడలేదు. వాడి చేతిలోంచి కాగితం లాక్కుని తన రాత చూసుకున్నాడు. కవరు తిప్పి, ఎర్రసిరా చూశాడు.

“తాజ్‌బీ, గిది బస్సెక్కలేదా?”

“ఎక్కలే.”

“సాయన్న మర్సిపోయిండా?”

ఎంత ఆశగా అడిగాడో ఆ మాట! అవునంటే అయిపోయేది, సాయన్న చనిపోయి చాలా ఏళ్లయింది. తాజ్‌బీ తల వంచుకుని, “సాయన్నకు ఇయ్యనే ఇయ్యలే. నేనే ఆపిన” అంది.

రసూల్ కాగితాన్ని పాత మడతల మీదే మడిచాడు. తర్వాత ఎన్నేళ్ల విలేకరి అలవాటో, స్టాండు మీది ఫోనును చూసి, “అది నడుస్తనే ఉందిరా” అన్నాడు. ప్రశాంత్ కెవ్వుమని ఫోను మీద పడ్డాడు. ఏం లాభం! ఆత్మకూరులో ఉమారాణి అప్పటికే దాన్ని ముక్కలు కోసి హెడ్డింగు పెట్టేసింది. వాడు తీసేశాడు, అందరి ఫోన్లలో ఉండిపోయింది. తెల్లారేసరికి నలభై ఒక్క వేలు ఎప్పుడో దాటింది. పెంటయ్య దవాఖాన వైపు పోవడం మానేశాడు. వసంత గాజులకు వేరే ఊరు పోతోంది. తాజ్‌బీకి జాలి కలగలేదు. కలగలేదంటే కలగలేదు. ఆ పూట కడుపు నిండా తిన్నది కూడా.

రసూల్ మరునాడే గడ్డం గీయించుకుని, ఇస్త్రీ బట్టలు కట్టి, బస్టాండు నడుమ నుంచి నడుచుకుంటూ మసీదుకు పోయాడు. దారి పొడుగునా సలాములు. “రసూల్ సాబ్, ఎట్లున్నవు?” అని చేతులు పట్టుకున్నారు. తాజ్‌బీ డబ్బాలోంచి చూసి కళ్లు తుడుచుకుంది. ఆమె కోరిందంతా జరిగింది. ఆయన మాత్రం ఆమెతో మాట్లాడలేదు. వారం పాటు పెట్టింది తిన్నాడు, మాట్లాడలేదు.

తరువాతి శుక్రవారం నమాజు అయ్యాక డబ్బా ముందర బల్ల మీద కూర్చున్నాడు. ఒక కాలేజీ పిల్ల గాజులు తొడిగించుకుంటోంది. తాజ్‌బీ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఉందని కూడా చూడకుండా మెల్లగా అన్నాడు:

“మద్దిలేటిని దొంగ అన్న నేను. లంచం తిన్నడని ఇరవై ఏండ్లు కనబడినోనికల్ల చెప్పిన. కవరు రాలేదు రసూల్ భాయ్ అని ఫోన్ల ఏడ్చిండు, నమ్మలే. ఆయనను నౌకరికెల్లి తీసేసిండ్రు. కరోనల సచ్చిపోయిండు.” టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. “ప్రశాంత్‌గాడు నా గడప కాడికన్న వచ్చిండు. నేను ఏ గడపకు పోవాలె తాజ్‌బీ?”

తాజ్‌బీ చేతిలోని గాజు పుటుక్కున విరిగింది.

“అబ్బా” అంది ఆ పిల్ల.